పార్లమెంటు ముందు ఒక సైకిల్

పార్లమెంటుకి సైకిల్ తొక్కుకుంటూ వెళ్లిన తెలుగు ఎంపీ ఎవరని క్విజ్‌లో అడిగితే, మన క్లాసులో సగం మంది పుచ్చలపల్లి సుందరయ్య అని టక్కున చెప్పేస్తారు. గ్రూప్స్ కోచింగ్ పుస్తకాల్లో ఆయన గురించి ఉండేది దాదాపు ఆ ఒక్క లైనే. నాకు ఆ లైను మీద కొంచెం అనుమానం ఉండేది. ఇప్పుడు కూడా నామినేషన్ వేయడానికి సైకిల్ మీద వచ్చే నాయకులు ఉన్నారు కదా. వెనకాల పది కార్లు, ముందర ఇద్దరు కెమెరా వాళ్లు. మరుసటి రోజు ఆ సైకిల్ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. సుందరయ్యగారిది కూడా అలాంటిదేనా, కాదా? ఇది తెలుసుకోవాలనే ఆయన జీవితం చదవడం మొదలుపెట్టాను. నేను కమ్యూనిస్టుని కాను, కాంపిటీటివ్ కోడింగ్ చేసుకునే మామూలు సీఎస్ఈ స్టూడెంట్‌ని. ఇది పార్టీ ప్రచారం అనుకోకుండా చదవండి.

1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూమి బాగా ఉన్న రెడ్ల ఇంట్లో పుట్టారు. అసలు పేరు సుందరరామిరెడ్డి. చిన్నప్పుడే తండ్రి పోయారు. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతుండగా 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. అప్పటికి ఆయనకి దాదాపు 17 ఏళ్లు. అంటే మనం ఎంసెట్ ర్యాంకు కోసం టెన్షన్ పడిన వయసు. కాలేజీ వదిలేసి సత్యాగ్రహంలోకి దూకారు, జైలుకెళ్లారు. చిన్న వయసు కాబట్టి కుర్ర ఖైదీలను ఉంచే బోర్‌స్టల్ స్కూల్‌లో పెట్టారు. బయటికొచ్చాక పేరు చివరి రెడ్డిని తీసేశారు. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఐడీల్లో కులం పేరు తగిలించుకునే మన తరానికి ఇది చెప్పడం నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది, అయినా చెప్తున్నాను.

తర్వాత ఆయన సొంత ఊరికే తిరిగొచ్చారు. ఇది నాకు చాలా పెద్ద విషయం అనిపించింది. ఊరు కాని ఊళ్లో సమానత్వం గురించి మాట్లాడటం తేలిక. సొంత ఊళ్లో, సొంత బంధువుల పొలాల్లో పనిచేసే కూలీలని కూడగట్టడం అంటే మాటలా? దళితులు ఊరి బావిలో నీళ్లు తోడుకోవాలని నిలబడ్డారు. వ్యవసాయ కూలీల సంఘం పెట్టారు. ఎదురుగా నిలబడింది బ్రిటిష్ వాళ్లు కాదు, పండగకి భోజనానికి పిలిచే చుట్టాలు. తర్వాత తన వాటాకి వచ్చిన ఆస్తి కూడా ఉద్యమానికే ఇచ్చేశారు. అమీర్ హైదర్ ఖాన్ అనే విప్లవకారుడు మద్రాసులో రహస్యంగా పార్టీ కడుతున్న రోజుల్లో ఆయన ప్రభావంతో సుందరయ్య కమ్యూనిస్టు అయ్యారు. దక్షిణాదిలో, అంటే కేరళలో కూడా, ఆ పార్టీ మొదలవడానికి తిరిగినవాళ్లలో ఈయన ఒకరు.

1943లో బొంబాయిలో పార్టీలో పనిచేస్తున్న లీలగారిని పెళ్లి చేసుకున్నారు. పిల్లలు పుడితే ఉద్యమానికి పూర్తి సమయం ఇవ్వలేమని ఇద్దరూ అనుకుని, ఆయన ఆపరేషన్ చేయించుకున్నారు. ఇవాళ్టికీ మగవాళ్లు ఆ ఆపరేషన్ అంటే భయపడతారు, పాపం ఆడవాళ్లకే చేయిస్తారు. ఆ రోజుల్లోనే ఈయన చేయించుకున్నారు.

ఇక తెలంగాణ సాయుధ పోరాటం. 1946 నుంచి 1951 దాకా నిజాం మీద, దొరల మీద, చివరికి భారత సైన్యం మీద కూడా నడిచిన ఆ పోరాటానికి ఆయన ముఖ్య నాయకుల్లో ఒకరు. ఆ ఏళ్లలో చాలా కాలం అజ్ఞాతంలోనే ఉన్నారు. పోరాటం నడిపినవాళ్ల లెక్క ప్రకారమే 4,000 మంది దాకా చనిపోయారు. 1948లో నిజాం లొంగిపోయాక కూడా తుపాకీ దించకపోవడం సరైనదేనా? నాకైతే కాదనిపిస్తుంది. ఆ మూడేళ్లలో పోయిన ప్రాణాలు ఎవరి ఖాతాలో వేయాలి? ఆయన్ని సైకిల్ తొక్కిన మంచి తాతగా మాత్రమే చూపించేవాళ్లు ఈ ప్రశ్న అడగరు, అది ఆయనకి కూడా అన్యాయమే. ఆయన మాత్రం తప్పించుకోలేదు. తర్వాత ఆ పోరాటం గురించి, దాని గుణపాఠాల గురించి చాలా పెద్ద పుస్తకమే రాశారు.

1952లో పార్టీ మళ్లీ బహిరంగంగా పనిచేయడం మొదలయ్యాక మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యసభకి ఎన్నికయ్యారు. అక్కడే సైకిల్ వస్తుంది. ఢిల్లీలో పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్లేవారు. కొన్నాళ్లకి ఎమ్మెల్యే అయ్యాక అసెంబ్లీకి కూడా అంతే.

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే సైకిల్ సంగతి నాకు చేతులతో తెలుసు. మా ఇంట్లో జేజినాయన సెకండ్ హ్యాండ్‌లో కొన్న రాలీ ఉంది. మూడు గేర్లది. చైను బయట పళ్ల చక్రాల మీద దూకే ఇప్పటి గేరు కాదు, వెనక చక్రం హబ్ లోపలే దాక్కుని ఉండే గేరు. స్టర్మీ ఆర్చర్ అని ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో మొదలైన కంపెనీ, 1902 నుంచి అలాంటి హబ్బులు చేస్తోంది. మాది 1936లో వచ్చిన ఏడబ్ల్యూ అనే మోడల్. హబ్ మీద 54 అని గుద్ది ఉంది, అంటే 1954లో తయారైంది. మెకానికల్ వాళ్లకి నచ్చుతుంది కాబట్టి చెప్తున్నా: ఇరుసుకి కదలకుండా ఉండే 20 పళ్ల చక్రం, దాని చుట్టూ నాలుగు చిన్న చక్రాలు, వాటన్నిటి చుట్టూ 60 పళ్ల రింగు. మనం తొక్కే బలం రింగుకి ఇచ్చి చిన్న చక్రాల చట్రం నుంచి తీసుకుంటే చక్రం నాలుగింట మూడు వంతులే తిరుగుతుంది, అది ఎత్తు ఎక్కడానికి. తిరగేసి చట్రానికి ఇచ్చి రింగు నుంచి తీసుకుంటే మూడింట ఒక వంతు ఎక్కువ తిరుగుతుంది, అది ఎదురుగాలి లేనప్పుడు. మధ్య గేరులో చక్రం నేరుగా తిరుగుతుంది. డెబ్బై ఏళ్ల నాటి వస్తువు, ఇప్పటికీ గేరు మారితే టిక్ అని చిన్న చప్పుడు.

కానీ ఊరికే తిరగదు. హబ్ మీద చిన్న మూత ఉంటుంది, అది తీసి నెలకొకసారి నాలుగు చుక్కల పల్చటి నూనె వేయాలి. కొబ్బరినూనె వేస్తే లోపల జిగురులా పట్టేస్తుంది. ఇరుసులోంచి బయటికొచ్చే సన్న గొలుసుకి తీగ సరిగ్గా బిగించకపోతే రెండో గేరుకీ మూడో గేరుకీ మధ్య తొక్కుడు గాల్లో జారిపోతుంది, మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది. పెడల్ చేతికి ఉండే కాటర్ పిన్ను అరిగితే తొక్కినప్పుడల్లా కటక్ కటక్ మంటుంది. అది మామూలు నల్ల సైకిల్‌కీ ఉండే జబ్బే. పుల్లలు వదులైతే రిమ్ము బెండు తీయించాలి, ఏడాదికొకసారి గోలీలు కడిగి గ్రీజు పెట్టాలి. కర్నూలు ఎండకి టైరు పక్కలు పగుళ్లు ఇస్తాయి. ఇంక కంపముళ్ల సంగతి చెప్పక్కర్లేదు, తుంగభద్ర ఒడ్డున ఒక రౌండ్ వేస్తే ఒక పంచర్ గ్యారంటీ. మంచి విషయం ఏంటంటే 28 అంగుళాల టైరు, ట్యూబు, కాటర్ పిన్ను ఇప్పటికీ పాతబస్తీ షాపుల్లో దొరుకుతాయి, ఎందుకంటే పాలవాళ్లు, గ్యాస్ బండవాళ్లు ఇంకా ఆ నల్ల సైకిళ్లే తొక్కుతున్నారు. గేరు తీగ మాత్రం దొరకదు, మోపెడ్ తీగ కోసి వేసుకున్నాం. మా అమ్మ దాన్ని పాత ఇనుము బండికి కిలోల లెక్కన ఇచ్చేద్దామంటుంది. ఆ గొడవ ఇంకా తేలలేదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, నా మొదటి అనుమానానికి జవాబు ఇక్కడే దొరికింది. ఫోటో కోసం సైకిల్ ఎక్కేవాడికి పంపు అక్కర్లేదు. రోజూ సైకిల్ మీద పనికి వెళ్లేవాడికి కావాలి. గాలి ఉందా లేదా అని పొద్దున్నే నొక్కి చూసుకోవాలి, సభ మొదలయ్యే టైముకి అరగంట ముందే బయల్దేరాలి, వానాకాలం తడవాలి. ఆ రోజుల్లో సైకిల్‌కి మునిసిపాలిటీ బిళ్ళ కూడా ఉండాలి, రాత్రి దీపం లేకపోతే పోలీసులు ఆపేవాళ్లు. 1950ల్లో సైకిల్ అంటే గుమాస్తాల బండి, టీచర్ల బండి. ఆసన్‌సోల్‌లో సేన్ రాలీ, మద్రాసులో హెర్క్యులిస్, సోనిపట్‌లో అట్లాస్ ఫ్యాక్టరీలు అప్పుడప్పుడే మొదలై ఆఫీసు ఉద్యోగికి అందుబాటులోకి వస్తోంది. ఎంపీ అయినవాడు దాన్ని దిగి కారు ఎక్కడమే అందరూ ఎదురుచూసే ప్రమోషన్. ఆయన ఆ ప్రమోషన్ తీసుకోలేదు, అంతే. అది త్యాగం అని చెప్పుకున్నట్టు కూడా నాకు ఎక్కడా కనపడలేదు.

మన ఊరితో ఆయనకి ఉన్న లింకు చాలామందికి తెలీదు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు కర్నూలు రాజధాని. ఆఫీసులకి సరిపడా బిల్డింగులు లేక డేరాల్లో నడిపారని మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులు ప్రభుత్వం మాదే అనుకున్నారు. 196 సీట్లలో 15 వచ్చాయి. ఆ పదిహేను మందిలో గన్నవరం నుంచి గెలిచిన సుందరయ్య ఒకరు. రాజ్యసభ వదిలి, ఓడిపోయిన పార్టీ నాయకుడిగా కర్నూలు అసెంబ్లీకి వచ్చారు. ఎదురుగా ముఖ్యమంత్రి కుర్చీలో బెజవాడ గోపాలరెడ్డి, ఆయనదీ నెల్లూరు జిల్లానే. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాద్‌కి పోయేదాకా అసెంబ్లీ ఇక్కడే. కొండారెడ్డి బురుజు దగ్గర సెల్ఫీ దిగే మనకి, ఈ వీధుల్లో ఒకప్పుడు రాష్ట్రం మొత్తం బడ్జెట్ మీద వాదన జరిగిందంటే వింతగానే ఉంటుంది. అసెంబ్లీలో ఆయన బలం ఉపన్యాసం కాదు, లెక్కలు. ముఖ్యంగా నీళ్ల లెక్కలు. కృష్ణా, గోదావరి నీళ్లు ఎంత, ఏ కాలవకి ఎంత అని కూర్చుని చదివేవారు. సీమలో పుట్టినవాళ్లకి ఆ సబ్జెక్టు ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా.

1964లో పార్టీ చీలింది. ఆ ఏడాది జూలైలో మన తెనాలిలో జరిగిన సమావేశం దానికి ముందు మెట్టు. కొత్తగా ఏర్పడిన సీపీఐ ఎంకి ఆయనే మొదటి ప్రధాన కార్యదర్శి. వెంటనే నాయకులందరినీ అరెస్టు చేశారు, 1966లో గానీ వదల్లేదు. కొన్నాళ్లకే ఇంకో చీలిక. ఈసారి విడిపోయినవాళ్లలో అనంతపురం మనిషి తరిమెల నాగిరెడ్డి ఉన్నారు. ఆయనా పెద్ద భూస్వాముల ఇంటి బిడ్డే, ఆస్తి వదులుకున్నవాడే. 1952లో నీలం సంజీవరెడ్డిని ఓడించినవాడు. ఒకే రకం ఇంటి నుంచి ఒకే దారిలోకి వచ్చిన ఇద్దరు, ఎన్నికలా తుపాకీనా అన్న చోట విడిపోయారు. తెలంగాణలో తుపాకీ పట్టించిన సుందరయ్య ఈసారి ఎన్నికల పక్కన ఉన్నారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే మలుపు ఇదే, సైకిల్ కంటే కూడా. కోచింగ్ పుస్తకాల్లో దీనికి అర లైను కూడా ఉండదు.

ఎమర్జెన్సీ వచ్చింది. ఇందిరాగాంధీ మీద పోరాటంలో జనసంఘ్‌తో కలిసి నడవడం ఆయనకి అస్సలు నచ్చలేదు. పార్టీలో తన మాట నెగ్గలేదు. ప్రధాన కార్యదర్శి పదవికి రాజీనామా చేశారు. పార్టీని మాత్రం చీల్చలేదు, వదల్లేదు. దేశం మొత్తానికి నాయకుడిగా ఉన్న మనిషి మళ్లీ రాష్ట్రానికి వచ్చి పనిచేశారు. 1978లో, 64 ఏళ్ల వయసులో, గన్నవరం నుంచే మళ్లీ ఎమ్మెల్యేగా గెలిచి 1983 దాకా ఉన్నారు.

1985 మే 19న మద్రాసులో చనిపోయారు. కాలేజీ వదిలేసి బయటికి నడిచిన ఊరు కూడా అదే. హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో ఆయన పేరుతో విజ్ఞాన కేంద్రం ఉంది, అందులో పెద్ద లైబ్రరీ ఉంది. కర్నూలు నుంచి తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాచిగూడలో దిగితే అక్కడికి దగ్గరే. ఆయన ఆత్మకథ విప్లవ పథంలో నా పయనం తెలుగులో ఉంది. నాలాగా ఇంగ్లీష్ మీడియంలో చదివినవాళ్లకి మొదటి ముప్పై పేజీలు స్లోగా సాగుతుంది, తర్వాత అలవాటైపోతుంది. సెమిస్టర్ సెలవుల్లో ఎవరైనా వెళ్లేదుంటే నాకూ చెప్పండి, కలిసి వెళ్దాం.