మిల్లు పిలుపును శిల్పించిన రామ్‌కింకర్

శిల్పమనగానే నిజామాబాదు విద్యార్థులకు డిచ్‌పల్లి రామాలయపు గోడలు జ్ఞాపకం వస్తాయి. అక్కడ శిల్పం ఆలయాన్ని ఆశ్రయించి నిలిచినది. ఆధునిక కాలంలో మన దేశాన శిల్పాన్ని గోడ నుండి విడదీసి, చెట్ల నడుమ, ఎండవానలలో స్వతంత్రంగా నిలబెట్టిన వారిలో అగ్రగణ్యులు రామ్‌కింకర్ బైజ్.

ఆయన 1906లో వంగదేశంలోని బాంకురాలో ఒక నిరుపేద కుటుంబంలో జన్మించారు. బొమ్మలు చేసేవారి పనిని చూస్తూ చిన్ననాడే మట్టిని చేతికి మచ్చిక చేసుకున్నారు. ప్రసిద్ధ సంపాదకులు రామానంద చటర్జీ ఆ ప్రతిభను గుర్తించగా, 1925లో శాంతినికేతనం చేరి నందలాల్ బోస్ గారికి శిష్యులైనారు. అనంతరం అక్కడనే ఉపాధ్యాయులైనారు.

కంచుకూ చలువరాతికీ ధనం కావలెను. ఆయన వద్ద అది లేదు. అందుచేత ఇనుప చట్రం నిలిపి, సిమెంటులో ఎర్రని మొరం గులకలు కలిపి, ఆ ముద్దను చేతితో విసరి రూపం తెచ్చేవారు. పేదరికం చూపిన ఆ దారియే ఆయన కళకు బలమైనది. మన బాటలకు పరిచే మొరం వంటిదే అది. ఆ గరుకు విగ్రహాలు ఎర్రనేలలో నుండి మొలచినట్లే కనిపిస్తాయి.

1935 నాటి సుజాత విగ్రహం చెట్ల నడుమ మరొక చెట్టువలె సన్నగా నిలిచినది. 1938లో తీర్చిన సంథాల్ కుటుంబంలో భార్యాభర్తలు కావడిలో బిడ్డతో, వెంట కుక్కతో, తరలి పోతుంటారు. రాజులకూ సేనానులకూ దక్కే ఆకృతి అక్కడ కూలివారికి దక్కినది. చూపరి తలయెత్తి నమస్కరించనక్కరలేదు. వారి ప్రక్కన నడవవచ్చును.

1940 ప్రాంతపు దీపస్తంభంలో మనమెరిగిన రూపమేదీ లేదు. మన దేశంలో ఆరుబయట వెలసిన తొలి అమూర్త శిల్పాలలో అది ఒకటి. దాని అర్థమేమని అడిగి ఆగిపోయే వానికి అది రాయివలెనే ఉండిపోతుంది. చుట్టూ తిరిగి చూచేవానికి అడుగడుగునా వంపులు మారుతాయి. ప్రొద్దుతో పాటు నీడలు మారుతాయి. సూర్యుడూ చూపరీ కూడ అక్కడ శిల్పికి సహాయకులే.

1956 నాటి ‘మిల్లు పిలుపు’ బోధను వారికి మరింత సన్నిహితం. కూత విని ఇద్దరు సంథాల్ స్త్రీలు పరుగెత్తుతున్నారు. వెంట ఒక బాలుడు. తడిచీరలు గాలికి ఆరుతున్నాయి. ఆరబెట్టుకొనుటకు సైతం తీరిక లేని బ్రతుకది! అందులో గాలి కూడ శిల్పమైనది.

ఢిల్లీ రిజర్వు బ్యాంకు ముంగిట యక్షయక్షిణులను నిలిపిన ఈ శిల్పికి 1970లో పద్మభూషణ్ లభించినది. 1980 ఆగస్టు 2న ఆయన కన్నుమూశారు.

బోధనులో 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడినది. వేళ తప్పకుండ అక్కడకు నడచిన కార్మికుల తొందర ఏ శిల్పంలోనూ నిలువలేదు. వంగదేశపు ఎర్రనేలపై ఆ ఇద్దరు స్త్రీలు మాత్రం నేటికీ పరుగెత్తుతూనే ఉన్నారు. చెరకు నరికిన చేతులు కూడ శిల్పానికి తగినవేనని మన విద్యార్థులు వారిని చూచి గ్రహింపవలెను.