మూడోసారికి దక్కిన మంచుకొండ

కుల్చారం: ఈ ఊరి పేరు చెప్పగానే చదువుకున్నవారికి మల్లినాథసూరి గుర్తుకు వస్తారు. ఆయన ఇంటిపేరైన కొలిచెలమ ఈ కుల్చారమేనని పండితులు చెబుతారు. కాళిదాసు కుమారసంభవం హిమాలయ వర్ణనతో మొదలవుతుంది. దానికి వ్యాఖ్య రాసి, సంస్కృతం అంతంతమాత్రంగా వచ్చినవారిని సైతం చేయిపట్టి ఆ కొండ ఎక్కించింది మల్లినాథుడే. ఎక్కినవాడి పేరు లోకమంతా తెలుస్తుంది. ఎక్కించినవాడి పేరు ఎవరికోగాని తెలియదు. మల్లినాథుడికి ఆ లోటు రాలేదు. ఆఫ్రికాలోని కిలిమంజారో కొండపైకి మొట్టమొదట దారితీసిన వారికి మాత్రం నూరేళ్లపాటు ఆ లోటు తీరలేదు. ఆ కొండ నెక్కిన హాన్స్ మేయర్ జీవితం తెలుసుకుంటే ఆ సంగతీ తెలుస్తుంది.

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు, 2016లో కిలిమంజారో ఎక్కిన తరువాత ఈ కొండ పేరు మన పల్లెల్లోనూ వినబడింది. టాంజానియా దేశంలో, భూమధ్యరేఖకు కాస్త దిగువన ఉన్నదీ కొండ. ఎత్తు 5,895 మీటర్లు. మెదక్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 440 మీటర్ల ఎత్తున ఉన్నదంటే తేడా ఊహించుకోవచ్చు. మెదక్ ఖిల్లా పొద్దున ఎక్కి సద్ది వేళకు దిగి రావచ్చు. కిలిమంజారోకు అయిదారు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది.

అది అగ్నిపర్వతం. షిరా, మావెంజి, కిబో అని మూడు శిఖరాలు. మొదటి రెండూ చల్లారిపోయాయి. కిబో నిద్రలో ఉంది. దాని నోటి నుంచి ఇప్పటికీ ఆవిరి, గంధకపు వాసన వస్తుంటాయి. లావా మన ఉమ్మడి మెదక్ జిల్లాకు కొత్త కాదు. నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు నల్లరేగడి, ఎర్రరాయి సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లనాడు పారిన లావా నుంచి పుట్టినవే. అయితే ఇక్కడ లావా నేల పగుళ్ల గుండా పొంగి పరచుకుంది. అక్కడ పొరమీద పొర పేరుకొని కొండగా లేచింది.

అచ్చాఫీసు ఇంటి బిడ్డ

హాన్స్ మేయర్ 1858 మార్చి 22న జర్మనీలోని హిల్డ్‌బుర్గ్‌హౌజెన్‌లో జన్మించారు. వారిది పుస్తకాల కుటుంబం. తాత జోసెఫ్ మేయర్ పెట్టిన ప్రచురణ సంస్థ విజ్ఞాన సర్వస్వానికి ఆ దేశమంతటా పేరుండేది. చదువు ముగిశాక హాన్స్ రెండేళ్లపాటు లోకం తిరిగారు. మన దేశమూ చూశారు, ఫిలిప్పైన్స్ దీవులూ చూశారు. తిరిగి వెళ్లి అచ్చాఫీసు పనిలో కూర్చున్నారు గాని కాలు నిలవలేదు.

ఆ రోజుల్లో ఐరోపా పండితుల నోట నానుతున్న కొండ కిలిమంజారో. 1848 మే 11న జోహానెస్ రెబ్‌మాన్ అనే జర్మన్ మతప్రచారకుడు దాని నెత్తిన మంచు చూశానని రాస్తే, లండన్‌లో కొందరు పెద్దలు నవ్విపారేశారు. భూమధ్యరేఖ దగ్గర, నెత్తి మాడే ఎండలో మంచేమిటన్నది వారి వాదం. కొండ కింద తరతరాలుగా ఉంటున్న చాగా జనాన్ని అడిగితే సరిపోయేది. వారిని అడగాలని ఎవరికీ తోచలేదు. మంచు సంగతి నిజమేనని తేలడానికి మరి కొన్నేళ్లు పట్టింది.

1887లో మేయర్ మొదటిసారి కిబో ఎక్కబోయారు. వెంట వచ్చిన ఫాన్ ఎబర్‌స్టైన్ మధ్యలోనే సొమ్మసిల్లి ఆగిపోయారు. మేయర్ ఒంటరిగా మంచు గోడ మొదలు దాకా వెళ్లి, పైకి దారి దొరక్క దిగివచ్చారు. మంచును చెక్కే సామగ్రి లేదు, దానిమీద నడిచిన అనుభవమున్న మనిషీ తోడు లేడు.

గొలుసులతో బందీ

మరుసటి ఏడు, 1888లో, ఆస్కార్ బౌమన్ అనే ఆస్ట్రియా భూగోళ శాస్త్రజ్ఞునితో కలిసి మళ్లీ బయలుదేరారు. ఈసారి కొండ దాకా వెళ్లనే లేదు. జర్మన్ కంపెనీ తూర్పు ఆఫ్రికా తీరాన్ని తన చేతిలోకి తీసుకోబోతే అక్కడివారు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటుకు అబుషిరి నాయకుడు. కూలీలు మూటలు వదిలి పారిపోయారు. మేయర్, బౌమన్ పట్టుబడ్డారు. కాళ్లకు సంకెళ్లు పడ్డాయి. వేల రూపాయల విడుదల సొమ్ము చెల్లించాకే ప్రాణాలతో బయటపడ్డారు. అవును, రూపాయలే. ఆ కాలంలో జాంజిబార్ నుంచి తూర్పు ఆఫ్రికా తీరమంతటా మన దేశపు రూపాయే చెల్లేది. అక్కడి వ్యాపారంలో చాలా భాగం గుజరాతీ షావుకార్ల చేతుల్లో ఉండేది.

తిరగబడిన వారి తప్పేమిటని అడిగితే మేయర్ దగ్గర జవాబు ఉండేది కాదేమో. తమ నేలమీదికి వచ్చిన కంపెనీని వారు అడ్డుకున్నారు. 1889 డిసెంబరులో జర్మన్లు అబుషిరిని ఉరితీశారు. కొండ కథ చెప్పేవారు ఈ ముక్కను తరచుగా దాటవేస్తారు.

బువ్వ ముందు, కొండ తరువాత

అంత జరిగినా మేయర్ పట్టు విడవలేదు. 1889లో మూడోసారి బయలుదేరారు. ఈసారి రెండు పనులు తెలివిగా చేశారు. మొదటిది, ఆల్ప్స్ కొండల్లో ఆరితేరిన లుడ్విగ్ పుర్త్‌షెల్లర్‌ను వెంట తెచ్చుకున్నారు. పుర్త్‌షెల్లర్ ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో వ్యాయామం నేర్పే పంతులు. రెండోది, అన్నింటికంటె ముఖ్యమైనది, తిండి ఏర్పాటు. కిందికి మీదికి తిరిగి బలం పోగొట్టుకోకుండా కొండమీదే మెట్లుమెట్లుగా మజిలీలు పెట్టారు. కింద మరంగు ఊరు ఒక మజిలీ. అడవి దాటిన చోట రెండోది. కిబోకు, మావెంజికి నడుమనున్న బోడి మైదానంలో, దాదాపు 4,300 మీటర్ల ఎత్తున, మూడోది. కట్టెలు, తిండి కింది మజిలీ నుంచి పైదానికి కూలీలు క్రమం తప్పకుండా చేరవేయాలి.

చెప్పుకోవడానికి తేలికగా ఉంది గాని మోసినవారి అవస్థ వేరు. వారిలో చాలామంది సముద్రతీరపు మనుషులు. వెచ్చని గాలికి అలవాటుపడిన ఒళ్లు. రాత్రి నీళ్లు గడ్డకట్టే చోట కట్టెల మోపులు నెత్తిన పెట్టుకొని నడిచారు. మన పొలాల్లో పుష్యమాసపు తెల్లవారు చలికే గొంగడి కప్పుకుంటాం. అక్కడి చలి అంతకు ఎన్నో రెట్లు. పంగాని వాసి మ్వీని అమాని అనే ఆయన ఒక్కడూ పై గుడారంలోనే దొరలతోపాటు ఉండిపోయి వండిపెట్టి, కావలి కాశాడు. ఇద్దరు దొరలు మంచులోకి వెళ్లినప్పుడు వెనుక నిప్పు ఆరకుండా చూసింది ఆయనే.

మరంగులో ఆ రోజుల్లో మరియాలె అనే యువకుడు మంగి. మంగి అంటే చాగా వారి ప్రభువు. ఆయన అండ లేకుంటే కొండ మొదలు చేరడమే కష్టం. కింది అడవి చీకటిగా, తడిగా ఉంటుంది. ఏనుగుల బాటలు ఎటునుంచి ఎటు పోతాయో స్థానికులకే ఎరుక. ఆ అడవిలో దారి చూపింది యోహాని కిన్యాలా లౌవో అనే కుర్రవాడని మరంగువారు చెబుతారు. మేయర్ రాసిన గ్రంథంలో అతని పేరు లేదు.

1889 అక్టోబరు 3న తెల్లవారకముందే చీకట్లో మేయర్, పుర్త్‌షెల్లర్ బయలుదేరారు. మంచు మొదలైన చోటునుంచి గొడ్డలితో మెట్టుమెట్టూ చెక్కాలి. గాజులా గట్టిపడిన మంచు అది. ఒక్కో మెట్టుకు ఇరవై దెబ్బల దాకా పట్టేది. ఆ ఎత్తున గాలి పలుచన. శిఖరం దగ్గర సముద్రతీరంతో పోలిస్తే ఊపిరికి అందే ప్రాణవాయువు సగమే. పది అడుగులు వేస్తే ఆయాసం, తలపోటు, వికారం. ఒళ్లు ఆ గాలికి అలవాటు పడాలంటే రోజుకు కొంత చొప్పునే పైకి పోవాలి. కొండ కింద వాడుకలో ఉన్న స్వాహిలీ భాషలో దానికి పోలె పోలె అంటారు, అంటే మెల్లమెల్లగా అని.

మధ్యాహ్నం దాటాక ఇద్దరూ అంచు మీదికి చేరి, అగ్నిపర్వతపు నోటిలోకి తొంగిచూశారు. దాదాపు రెండు కిలోమీటర్ల వెడల్పున్న గొయ్యి, అడుగున మంచు. అసలు శిఖరం ఇంకా గంటన్నర దూరంలో దక్షిణపు అంచున కనబడింది. పొద్దు చాలదు. ఒంట్లో సత్తువా లేదు. ఎదురుగా కనబడుతున్న దాన్ని వదిలి వెనక్కి తిరగడానికి గుండె నిబ్బరం కావాలి. వారు తిరిగారు. కింద గుడారం, నిప్పు, తిండి ఉన్నాయన్న ధైర్యం లేకుంటే ఆ పని చేయగలిగేవారు కారు.

రెండు రోజులు ఒళ్లు కూడదీసుకున్నారు. అక్టోబరు 5 రాత్రి ఇంకా పైనున్న ఒక లావా గుహలో తలదాచుకున్నారు. 6వ తేదీ ఉదయం చూస్తే తాము చెక్కిన మెట్లు చెడిపోలేదు. పదిన్నర వేళకు శిఖరం చేరారు. పుర్త్‌షెల్లర్‌కు సరిగ్గా నలభై ఏళ్లు నిండిన రోజది. మేయర్ చిన్న జెండా పాతి, దానికి జర్మనీ చక్రవర్తి విల్హెల్మ్ పేరు పెట్టారు. శిఖరం మీది రాయి ఒకటి తీసుకుపోయి చక్రవర్తికి కానుకగా ఇచ్చారు. దాన్ని పాట్స్‌డామ్ రాజభవనం గోడలో పొదిగించారు.

పుర్త్‌షెల్లర్ ఆయుష్షు ఎక్కువ కాలం సాగలేదు. 1899లో ఆల్ప్స్‌లో పడి దెబ్బతిని, 1900లో కన్నుమూశారు. మేయర్ 1898లో మరల కిలిమంజారో వెళ్లారు. తొమ్మిదేళ్లలోనే మంచు వెనక్కి తగ్గిందని గమనించారు. 1903లో దక్షిణ అమెరికాలోని ఈక్వడార్‌కు పోయి అక్కడి అగ్నిపర్వతాలను, వాటి మంచును పరిశీలించారు. 1915లో లీప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఆయన బోధించింది వలస రాజ్యాల భూగోళం. వలసలు మంచివేనన్నది ఆయన జీవితాంతం నమ్మిన మాట. బ్రిటిషు సేనలు ఆఫ్రికాలోని బెనిన్ నుంచి దోచిన కంచు శిల్పాలను కొని లీప్‌జిగ్ మ్యూజియానికి చేర్చినవారిలో ఆయన ఒకరు. కొండమీద చూపిన ఓర్పును మెచ్చుకున్నా ఈ సంగతిని విడిచిపెట్టడానికి వీల్లేదు. 1929 జులై 5న లీప్‌జిగ్‌లో మరణించారు.

అప్పటికే మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఆ రాజ్యాన్ని పోగొట్టుకుంది. 1961 డిసెంబరులో టాంగన్యికా స్వతంత్రమైనప్పుడు కొండ కొనమీద కాగడా వెలిగించారు. చక్రవర్తి పేరు తీసివేసి ఉహురు శిఖరమని పేరు పెట్టారు. ఉహురు అంటే స్వాతంత్ర్యం. మేయర్ మెట్లు చెక్కిన మంచు కూడా చాలావరకు పోయింది. 1912 నుంచి 2007 నాటికి నూటికి 85 వంతులు కరిగిపోయిందని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు.

దారి చూపినవారి లెక్క ఆలస్యంగానైనా తేలింది. ఇప్పుడు లైసెన్సు ఉన్న గైడు లేనిదే ఎవరినీ ఆ కొండ ఎక్కనివ్వరు. కూలీ మోయవలసిన బరువుకు 20 కిలోల హద్దు పెట్టారు. 1989లో తొలి ఆరోహణకు నూరేళ్లు నిండినప్పుడు టాంజానియా లౌవోను పిలిచి సత్కరించింది. అప్పటికి ఆయన పండుముసలి. వయసు నూరు దాటిందని ఊరివారి లెక్క. 1996లో మరంగులోనే కాలం చేశారు. కొండ ఎక్కే దారి మొదట్లో, మరంగు ద్వారం దగ్గర, మేయర్ పేరుతో ఫలకం ఉంది. స్థానిక గైడుల పేర్లు చెక్కిన ఫలకమూ ఇప్పుడు అక్కడ ఉంది. లౌవో పేరు అందులో కనిపిస్తుంది.