నిద్ర పట్టిందా అని అడగవద్దన్న నర్సమ్మ

నేను హౌస్‌సర్జన్‌గా ఉన్న రోజుల మాట. ఉదయం రౌండ్స్‌లో ఒక పెద్దాయన మంచం దగ్గర ఆగి, రాత్రి నిద్ర బాగా పట్టిందా అని అడిగాను. పట్టింది బాబూ అన్నాడు. కేస్ షీట్‌లో నిద్ర బాగుంది అని రాసేసి పక్క మంచానికి వెళ్లిపోయాను. కాసేపటికి వార్డు సిస్టర్ నన్ను వెనక్కి పిలిచారు. ఆమె ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని నాలుగే ప్రశ్నలు అడిగారు. ఎన్నింటికి పడుకున్నారు? ఎన్నింటికి మెలకువ వచ్చింది? మెలకువ వచ్చాక ఏం చేశారు? తల కింద ఎన్ని దిండ్లు పెట్టుకున్నారు?

ఆయన తొమ్మిదింటికి పడుకున్నాడు. ఒంటిగంటకు ఊపిరాడక లేచాడు. తెల్లారేదాకా కిటికీ దగ్గర కూర్చుని, కూర్చునే కాస్త కునుకు తీశాడు. ఆయన లెక్కలో అదీ నిద్రే. పైగా పొద్దున్నే డాక్టరును ఇబ్బంది పెట్టడం ఎందుకులే అనుకున్నాడు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందన్న అనుమానం ఆ నాలుగు ప్రశ్నలతోనే వచ్చింది. పరీక్షిస్తే నిజమేనని తేలింది. ఆ రోజే మందులు మార్చాం.

నా ప్రశ్నలో తప్పేమిటో చాలా ఏళ్ల తర్వాత ఒక పాత పుస్తకంలో చదివాను. దాన్ని రాసినావిడ ఫ్లోరెన్స్ నైటింగేల్. ఏటా మే 12న జరిపే అంతర్జాతీయ నర్సుల దినోత్సవం ఆమె పుట్టినరోజే. రాత్రిపూట దీపం పట్టుకుని సైనికుల మంచాల మధ్య తిరిగిన కరుణామూర్తిగా స్కూలు పుస్తకాల్లో ఆమె గురించి అందరం చదువుకున్నాం. అయితే ఆమె నర్సులకు నేర్పిన ఒక ముఖ్యమైన విద్యను మాత్రం పెద్దగా ఎవరూ చెప్పుకోరు. అది రోగిని ప్రశ్న అడిగే విద్య.

లెక్కలంటే ప్రాణం

ఫ్లోరెన్స్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టారు. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టారు. బాగా కలిగిన ఇంగ్లిష్ కుటుంబం. ఆడపిల్లలకు పెద్ద చదువులు ఎందుకనుకునే ఆ కాలంలో తండ్రి విలియం ఇద్దరు కూతుళ్లకూ గ్రీకు, లాటిన్, చరిత్ర, తత్వశాస్త్రం స్వయంగా నేర్పాడు. చిన్నమ్మాయి ఫ్లోరెన్స్‌కు వీటన్నిటికంటే లెక్కలంటే ప్రాణం.

పదహారేళ్ల వయసులో, 1837లో, దేవుడు తనను సేవకు పిలుస్తున్నాడని ఆమెకు గట్టిగా అనిపించింది. కొన్నేళ్ల తర్వాత ఆసుపత్రికి వెళ్లి నర్సు పని నేర్చుకుంటానని ఇంట్లో చెబితే తల్లి, అక్క గొడవ చేశారు. వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం. అప్పటి ఆసుపత్రులు దిక్కులేని పేదలు వెళ్లే చోట్లు. నర్సులంటే చదువు లేనివాళ్లు, తాగి పనికి వచ్చేవాళ్లు అనే పేరుండేది. ఫ్లోరెన్స్ మాత్రం పట్టు వదల్లేదు. వచ్చిన మంచి సంబంధాన్నీ కాదన్నారు. ఇంట్లో అందరూ లేవకముందే లేచి, ఆసుపత్రుల నివేదికలు, ప్రజారోగ్య నివేదికలు చదువుతూ నోట్సు రాసుకునేవారు.

చివరికి 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో మూడు నెలలు శిక్షణ పొందారు. 1853లో లండన్‌లోని హార్లీ వీధిలో, జబ్బుపడిన మహిళల కోసం నడిచే ఒక చిన్న ఆసుపత్రికి సూపరింటెండెంట్ అయ్యారు. అప్పటికి ఆమెకు 33 ఏళ్లు.

యుద్ధం నేర్పిన పాఠం

మరుసటి ఏడాది క్రిమియా యుద్ధం వచ్చింది. 38 మంది మహిళలను వెంటబెట్టుకుని ఆమె 1854 నవంబర్ 4న టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరుకున్నారు. అక్కడ పొడవాటి వసారాల నిండా రోగులే. మంచాలు చాలవు, దుప్పట్లు చాలవు. కట్టడం కింద మురుగు కాలువలు పూడుకుపోయి ఉన్నాయి. ఆమె వంటశాల పెట్టించారు, బట్టలు ఉతికించారు, చనిపోయినవారి ఇళ్లకు ఉత్తరాలు రాశారు. అయినా ఆ చలికాలంలో మరణాలు ఆగలేదు. తుపాకీ గాయాలతో పోయినవారి కంటే టైఫస్, కలరా, రక్త విరేచనాలతో పోయినవారే చాలా ఎక్కువ.

1855 మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య కమిషన్ మురుగు కాలువలు బాగుచేయించింది, నీటి సరఫరాను శుభ్రం చేయించింది, గోడలకు సున్నం కొట్టించింది. ఫిబ్రవరిలో నూటికి 42 దాకా ఉన్న మరణాలు జూన్‌కల్లా రెండుకు దిగాయి.

ఇంగ్లండ్ తిరిగొచ్చాక గణాంక నిపుణుడు విలియం ఫార్‌తో కలిసి ఆ లెక్కలన్నీ ముందేసుకుని కూర్చున్నప్పుడు, పారిశుద్ధ్య లోపమే ఎంతమందిని చంపిందో ఆమెకు పూర్తిగా అర్థమైంది. లెక్కలు తేల్చడమూ తేలికగా జరగలేదు. స్కుటారిలో చనిపోయినవారి వివరాలు మూడు చోట్ల రాసేవారు, ఒకదానికీ మరొకదానికీ పొంతన ఉండేది కాదు. సరిగ్గా అడగకపోతే, సరిగ్గా రాయకపోతే, ఎందుకు చనిపోతున్నారో కూడా తెలియకుండానే మనుషులు పోతారన్నది ఆ యుద్ధం చెప్పిన పాఠం. మరణాలకు కారణాలను రంగుల చిత్రంగా గీసి 1858లో ఆమె ప్రభుత్వం ముందుంచారు. లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యత్వం పొందిన తొలి మహిళ కూడా ఆమే.

ప్రశ్నలోనే జవాబు ఉంటే

తర్వాత వచ్చింది నర్సింగ్ మీద ఆమె రాసిన చిన్న పుస్తకం, నోట్స్ ఆన్ నర్సింగ్. 1859 నాటి ఆ పుస్తకాన్ని ఆమె నర్సుల కోసమే రాయలేదు. ఇంట్లో పిల్లల్నో, పెద్దల్నో చూసుకునే ప్రతి మహిళ కోసమూ రాశారు. రోగిని గమనించడం మీద అందులో ఒక అధ్యాయం ఉంది. మేం వైద్య విద్యార్థులకు ఈనాటికీ చెప్పే పాఠం అదే.

జవాబును తనలోనే దాచుకున్న ప్రశ్న పనికిరాదు అంటారామె. రాత్రి బాగా గడిచిందా అంటే ఒకరికి పది గంటలు కదలకుండా నిద్రపోతేనే బాగా గడిచినట్టు. మరొకరికి మధ్యమధ్య కాస్త కన్ను మూతపడినా బాగా గడిచినట్టే. వరసగా అయిదు రోజులు కంటిమీద కునుకు లేక చివరికి ప్రాణం పోయిన రోగి గురించీ, మామూలుగా రాత్రి ఒకసారి మెలకువ వచ్చిన రోగి గురించీ ఒకే జవాబు రావడం తాను చూశానని ఆమె రాశారు. అందుకే ఎన్ని గంటలు నిద్రపోయారు, రాత్రి ఏ వేళలో నిద్రపోయారు అని అడగమన్నారు.

ఆకలి సంగతీ అంతే. రోగి తినడం లేదంటే ఆకలి లేదని రాసేస్తాం. తినకపోవడానికి నాలుగు వేర్వేరు కారణాలు ఉండొచ్చని ఆమె విడదీశారు. వంట బాగాలేకపోవడం, ఆ రోగికి సరిపడని పదార్థం పెట్టడం, వేళకాని వేళ పెట్టడం, నిజంగానే ఆకలి చచ్చిపోవడం. నాలుగింటికీ మందు వేరు. మొదటి మూడూ వంటింట్లోనే సరిపోతాయి, నాలుగోదానికే డాక్టరు కావాలి. మా వార్డులోనూ చూస్తుంటాం. ఉప్పు లేని చప్పిడి కూడు దించలేక పళ్లెం పక్కన పెట్టేసిన వ్యక్తిని, బంధువులు ఆకలి మందు రాయమని తీసుకొస్తారు.

విరేచనాలు అవుతున్నాయా అన్న ప్రశ్నకూ కలరా మొదలవుతున్నవాడూ, కాస్త పొట్ట పాడైనవాడూ ఒకే జవాబు చెబుతారని ఆమె హెచ్చరించారు. ఈ రోజుల్లో మేమైతే ఉదయం నుంచి ఎన్నిసార్లు వెళ్లారు, నీళ్లలా ఉందా, రక్తం పడిందా, చివరిసారి మూత్రం ఎప్పుడు పోశారు అని అడుగుతాం. ఒంట్లో నీరు ఎంత తగ్గిందో ఆ చివరి ప్రశ్న చాలావరకు చెప్పేస్తుంది.

ఆమెకు తెలిసిన ఒక మంచి డాక్టరు ఉండేవాడు. ఎవరు వచ్చినా ముందు, బాధ ఎక్కడుందో అక్కడ వేలు పెట్టి చూపించమనేవాడట. అలా అడిగే మనిషి పనికిరాని సమాచారంతో కాలం వృథా చేసుకోడని ఆమె మెచ్చుకున్నారు. చూడ్డానికి చిన్న ప్రశ్న. గుండెలో మంట అన్నవాళ్లు వేలు పొట్ట పైభాగం మీద పెట్టడం, కడుపునొప్పి అన్నవాళ్లు నడుము పక్కన పెట్టడం మేం రోజూ చూసేదే.

కూర్చుని అడగాలి

ఏం అడగాలో చెప్పి ఊరుకోలేదామె. ఎలా అడగాలో కూడా చెప్పారు. రోగి మాట్లాడుతున్నప్పుడు కూర్చోవాలి. అతను తల తిప్పక్కర్లేకుండా కళ్లెదుటే కూర్చోవాలి. గుమ్మంలో నిలబడి, వెనక నుంచి ప్రశ్నలు వేయకూడదు. తొందరలో ఉన్నట్టు కనిపించకూడదు. విషయం అయిపోగానే లేచి వెళ్లిపోవాలి. రోగికి వినపడీ వినపడకుండా గదిలోనో, తలుపు బయటో గుసగుసలాడటం అన్నిటికంటే క్రూరమన్నారు. ఏమంటున్నారోనని చెవులు రిక్కించి రోగి మరింత నీరసపడతాడు.

ఏమైనా కావాలా అని అడిగితే రోగి ఏమీ వద్దనే అంటాడని కూడా ఆమె గమనించారు. ఏం కావాలో ఆలోచించుకోవడమే అతనికి పెద్ద శ్రమ. ఆ ఆలోచన నర్సే చేయాలి.

స్కూలు, ప్రశ్నపత్రం, మన దేశం

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరిట నర్సింగ్ స్కూలు మొదలైంది. అక్కడ తయారైన నర్సులు దేశదేశాలకు వెళ్లి వేరే ఆసుపత్రుల్లో శిక్షణ మొదలుపెట్టారు.

ఆమె ఎన్నడూ మన దేశం రాలేదు. అయినా ఇక్కడి ఆరోగ్యం గురించి దశాబ్దాల పాటు పనిచేశారు. భారతదేశంలోని సైన్యం ఆరోగ్యంపై 1859లో వేసిన రాయల్ కమిషన్ కోసం ప్రశ్నపత్రం తయారుచేసి దేశంలోని సైనిక స్థావరాలన్నిటికీ పంపించారు. రోగిని అడిగినట్టే స్థావరాలనూ అడిగారు. నీళ్లు, మురుగు, బ్యారక్‌లు, ఆసుపత్రులు, తిండి, తాగుడు, దేన్నీ వదల్లేదు. 1863లో వచ్చిన నివేదిక రెండు వేల పేజీలు దాటింది. ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారనీ, ఎక్కువమందిని చంపుతున్నది యుద్ధం కాదు, రోగాలనీ అందులో తేలింది. తర్వాత ఆమె చూపు ఇక్కడి పల్లెల మీదికి, కరువు మీదికి మళ్లింది. గోదావరి మీద ఆనకట్ట కట్టిన మన కాటన్ దొరతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపి, సాగునీటి కోసం ఆయన వాదనను గట్టిగా సమర్థించారు.

ఆమే రోగి

ఈ పనిలో చాలా భాగం ఆమె మంచం మీద నుంచే చేశారు. 1855లో క్రిమియాలో పట్టుకున్న జ్వరం ఆమెను పూర్తిగా వదల్లేదు. అది బ్రూసెల్లోసిస్ అయి ఉంటుందని ఇప్పటి వైద్యుల్లో చాలామంది భావిస్తారు. ఇంగ్లండ్ వచ్చాక ఏళ్ల తరబడి నీరసం, నొప్పులు. ఎవరు రావాలన్నా ముందుగా సమయం అడగాల్సిందే. రోగికి ఎదురుగా కూర్చోమని, పనికాగానే లేవమని నర్సులకు నేర్పిన మనిషికి, మంచం మీద పడుకున్నవారికి ఆ మర్యాద ఎంత అవసరమో స్వయంగా తెలిసొచ్చింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అందుకున్న తొలి మహిళ అయ్యారు. 1910 ఆగస్టు 13న, తొంభయ్యేళ్ల వయసులో లండన్‌లో కన్నుమూశారు.

మన ఇంట్లో

అమ్మో, నాన్నో, అత్తయ్యో, మామయ్యో జబ్బుపడి మంచం మీద ఉంటే ఈ పద్ధతి మనకూ పనికొస్తుంది. ఎలా ఉంది అంటే పెద్దవాళ్లు బాగానే ఉందంటారు. పిల్లల్ని కంగారు పెట్టకూడదనే వాళ్ల తాపత్రయం. అందుకే ప్రశ్న మార్చండి.

- తిన్నారా అని కాదు, ఎన్ని ఇడ్లీలు తిన్నారు, పళ్లెంలో ఎంత మిగిలింది అని అడగండి.
- మందులు వేసుకున్నారా అని కాదు, ఖాళీ అయిన మాత్రల అట్ట చూపించమనండి.
- నొప్పి తగ్గిందా అని కాదు, నిన్న ఎంత దూరం నడిచారు, ఈ రోజు ఎంత నడిచారు అని అడగండి.
- జ్వరం ఎన్ని గంటలకు ఎంత ఉందో, విరేచనాలు, వాంతులు ఎన్నిసార్లు అయ్యాయో కాగితం మీద రాసుకోండి. ఆసుపత్రికి ఆ కాగితం వెంట తెచ్చుకోండి.

ఓపీలో సిస్టర్ అడిగిందే మళ్లీ అడుగుతుంటే విసుక్కోవద్దు. పేషెంటునే చెప్పనివ్వండి, మధ్యలో మీరు అందుకోకండి. ఇప్పుడు మా వార్డులో హౌస్‌సర్జన్లు వచ్చిన మొదటి రోజే మంచం పక్కన స్టూలు చూపించి కూర్చోమంటాను. నిద్ర గురించి ఎలా అడగాలో తర్వాత చెబుతాను.