మహబూబ్ అలీఖాన్: గురి కుదిరిన తుపాకి

మన ఊళ్లలో ఎవడైనా డంబాలు పలికితే వాణ్ణి తీస్మార్‌ఖాన్ అని ఎత్తిపొడుస్తారు. తరగతి గదిలో పిల్లలు ఒకరినొకరు ఈ మాటతో ఆటపట్టించుకోవడం ఉపాధ్యాయులందరూ ఎరిగినదే. దీనికి రెండు పుట్టుకలు చెబుతారు. ముప్ఫై ఈగలను చంపి మహావీరుడనని చాటుకొన్న సోమరి కథ ఒకటి. రెండవది మన గడ్డకు సంబంధించినది. ముప్ఫైకి మించి పులులను పడగొట్టిన ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానుకు జనం పెట్టుకొన్న పేరు అది అని హైదరాబాదు పెద్దలు చెప్పుకొనేవారు. ఒకే మాట ఒకచోట బిరుదుగాను, మరొకచోట వెక్కిరింతగాను వాడుకలో ఉండడం భాషలో వింత కాదు. ఈగల కథ సంగతి భాషా పండితులకు విడిచి, పులుల కథను విచారించుకొందాము.

రేగొండ దాపున తిరుమలగిరి వద్ద పాండవుల గుట్టలున్నవి. అక్కడి కొండచరియల మీద ప్రాచీన మానవుడు గీసిన రంగు బొమ్మలు 1990లో వెలుగులోకి వచ్చినవి. వాటిలో అడవిదున్న ఉన్నది, జింక ఉన్నది, పులి ఉన్నది. విల్లంబులు కూడా ఉన్నవి. ఆ బొమ్మ గీసినవాని కాలంలో వింటి బిగువు ఒకనాటికీ మరొకనాటికీ మారితే, బాణాల తూకం ఒకదానికీ మరొకదానికీ తేడా వస్తే, వేట తప్పేది. ఈ అడవులకు దక్షిణాన పాకాల, నర్సంపేట, నెక్కొండ వైపు నిజాముల షికారు నేలలుండేవి. అక్కడ ఏనుగు మీద తుపాకి పట్టి కూర్చున్న ప్రభువుకూ ఆ చిక్కే ఎదురైనది. సాధనం మాత్రమే మారినది.

మహబూబ్ 1866 ఆగస్టులో హైదరాబాదు పురానీ హవేలీలో జన్మించినాడు. తండ్రి అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో గతించగా, రెండున్నరేళ్ల పసివాడు గద్దెకు వారసుడైనాడు. రాజ్యభారం మొదటి సాలార్ జంగు, అమీరె కబీరు వహించినారు. బాలప్రభువుకు అరబ్బీ, ఫారసీ, ఉర్దూ, ఇంగ్లీషు చెప్పడానికి వేరువేరు గురువులు ఏర్పడినారు. గుర్రపుస్వారి, తుపాకి పేల్చడం ఆనాటి రాకుమారుల చదువులో భాగమే. పదేళ్ల వయసులో 1877 ఢిల్లీ దర్బారుకు వెళ్లి వచ్చినాడు. 1883లో సాలార్ జంగు మరణించినాడు. మరుసటి యేడు ఫిబ్రవరి 5న రిప్పన్ ప్రభువు స్వయంగా వచ్చి మహబూబుకు పూర్తి అధికారాలు అప్పగించినాడు. తరువాతి కాలంలో ఆసిఫ్ అనే కలంపేరుతో ఉర్దూ కవిత కూడా అల్లినాడు. కవి దాగ్ దెహ్లవీ ఆయనకు గురువు. గజలుకు ఛందస్సు ఎట్లాగో, తుపాకికి తూకం అట్లాగే అని ఆయన ఎన్నడైనా తలపోసినాడో లేదో గాని, నాకు మాత్రం ఆ పోలిక తోచక మానదు.

ఆయన పుట్టిన 1866లోనే బ్రిటిషు సైన్యం స్నైడర్ తుపాకిని చేపట్టింది. అంతకు పూర్వం తుపాకిలో మందును మూతి నుండి పోసి, గుండును కడ్డీతో దట్టించేవారు. పోసే చేయి ఒకసారి ఉదారం, మరొకసారి పిసినారి. దట్టించే బలమూ అంతే. స్నైడర్‌కు వెనుకనుంచి తూటా పెట్టవచ్చు. మందు, గుండు, నిప్పురవ్వ ఒకే ఇత్తడి గుల్లలో ఇమిడి ఉంటవి. అంటే తుపాకి చరిత్రలో చేతివాటం పోయి, కొలత గద్దె నెక్కిన యేట ఈ ప్రభువు పుట్టినాడన్నమాట.

గురి అనే మాటను మనం తేలికగా వాడుతాము. పది తూటాలు పేల్చితే ఒకటి నడిబొడ్డున తగలడం గురి కాదు, అది అదృష్టం. పదీ ఒక్కచోటనే చేరాలి. చేరినచోటు కోరినచోటు కాకపోయినా బాధలేదు. గొట్టం మీది గురిమొనను కొంచెం జరిపి సవరించుకోవచ్చు. కాని పదీ పది దిక్కులకు పోతే సవరించడానికి చోటే లేదు. ఈ రహస్యాన్ని గణితంతో పట్టుకొన్నవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయుడు. 1742లో ఆయన ప్రకటించిన గ్రంథం తుపాకిశాస్త్రానికి పునాది. వేలాడదీసిన బరువైన చెక్కలోకి గుండు పేల్చి, ఆ చెక్క ఎంత వెనుకకు ఊగినదో కొలిచి, గుండు వేగం లెక్కకట్టినాడు. నున్నని గొట్టంలో నుండి వచ్చే గుండు అటూ ఇటూ ఒరసుకొని ఎట్లా పడితే అట్లా తిరుగుతుందనీ, ఆ తిరుగుడే దాన్ని దారి తప్పిస్తుందనీ నిరూపించినాడు. గొట్టం లోపల మెలికచాళ్లు కోస్తే గుండు ఒకే ఇరుసు మీద బొంగరం వలె తిరిగి నిలకడగా పోతుంది. అదే రైఫిలు. ఈ మహానుభావుడు ఈస్టిండియా కంపెనీ కోటలను బాగుచేయడానికి మన దక్షిణాదికే వచ్చి, 1751లో కడలూరు చెంత సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో కన్నుమూసినాడు. గణితం చెప్పే ఉపాధ్యాయులు ఆయన పేరును ఒకసారి పిల్లల చెవిన వేయవచ్చు.

మహబూబ్ యౌవనంలో పులివేటకు పేరుపడినది ఎక్స్‌ప్రెస్ రైఫిలు. అర అంగుళపు గొట్టాలు రెండు పక్కపక్కన. ఒక్కొక్క తూటాలో ఇంచుమించు 136 గ్రెయిన్ల నల్లమందు, అంటే తొమ్మిది గ్రాములకు కొంచెం తక్కువ. ఈ జంటగొట్టాల తుపాకిలో ఒక సూక్ష్మమున్నది. పేలుడు తాపుకు కుడిగొట్టం కుడికి, ఎడమగొట్టం ఎడమకు ఎగురుతుంది. అందుచేత శిల్పి రెంటినీ కొంచెం ముందుకు దగ్గరయ్యేట్టు అతికి, పేల్చి చూచి, అతుకు కరిగించి, మళ్లీ అతికి, రెండు గుండ్లూ ఒకేచోట పడేదాకా సాగిస్తాడు. ఇదంతా ఒక్క తూకపు మందుకూ, ఒక్క బరువు గుండుకూ కుదిర్చిన పొందిక. ఆ తూకం మారితే రెండు గొట్టాలూ విడాకులు పుచ్చుకొంటవి. కనుకనే ఆ తుపాకి పెట్టెలో గుండు పోసే అచ్చు, మందు కొలిచే గిద్ద, పాత గుల్లలను మళ్లీ నింపే పనిముట్లు కూడా అమర్చి పంపేవారు. అడవిలో బస చేసిన షికారీ దీపం ముందు కూర్చుని సీసంలో తగరం పాలు చూచుకొని గుండ్లు పోసుకొనేవాడు. మందు పోసి, దానిపై అట్టబిళ్ల, కొవ్వు పట్టించిన బిళ్ల పెట్టి, గుండు బిగించేవాడు. నల్లమందు మసి గొట్టంలో పేరుకొంటే గురి చెడుతుంది, తేమ పట్టి ఇనుము తింటుంది. వేట ముగియగానే నీళ్లతో కడగడం స్నానసంధ్యల వంటి నియమం.

గుండు విషయంలోనూ ఆనాడు పెద్ద వాదమే నడచింది. ముందుభాగం బోలుగా ఉన్న తేలికగుండు జింకకు సరిపోతుంది గాని పులి బుజపుటెముక మీద తుత్తునియలై లోపలికి దిగదని సర్ శామ్యూల్ బేకర్ వాదించినాడు. బరువైన మెత్తని సీసపు ముద్దగుండే మేలని ఆయన మతం. పిదప 1889లో పొగలేని కార్డైటు మందు పుట్టింది. 1898లో రిగ్బీ వారు దానితో పెద్దవేటకు తగిన రైఫిలును తెచ్చినారు. అంతవరకు మొదటి తూటా పేలగానే తెల్లని పొగతెర అడ్డుపడేది, దాని వెనుక పులి ఏమైనదీ తెలిసేది కాదు. కొత్తమందుకూ ఒక దుర్గుణం లేకపోలేదు. మన ఎండల వేడికి దాని విసురు పెరుగుతుంది. అందుచేత ఉష్ణదేశాలకు పంపే తూటాలలో మందు కాస్త తగ్గించి నింపేవారు. లండను చలిలో కుదిరిన గురి వరంగల్లు వేసవిలో కుదరదు గదా.

గాలిలోకి ఎగురవేసిన నాణేన్ని మహబూబ్ రైఫిలు గుండుతో కొట్టేవాడని నేటికీ చెప్పుకొంటారు. కథకు కొంత మెరుగు పట్టి ఉండవచ్చు. కాని ఆయన గురి గొప్పదన్న విషయంలో స్వదేశీయులకూ, తెల్లవారికీ భేదాభిప్రాయం లేదు. ఇటువంటి నేర్పు కొత్తకొత్త తుపాకులు మార్చే చేతికి రాదు. చేతికి అలవడిన బరువు, భుజానికి అమరిన మడమ, ఒకే తూకపు తూటా, ఏళ్ల తరబడి సాధన, ఇవన్నీ కలిసిననాడు మాత్రమే వస్తుంది.

ఈ నేర్పు ఒక్క ప్రభువు కీర్తికి సంబంధించినదయితే నేనింత వ్రాయను. షికారు ఎట్లా జరిగేదో చూడండి. ముందు దున్నపిల్లను ఎరగా కట్టేవారు. పులి దానిని కొట్టి దగ్గర వాగులో పడుకొన్న జాడ తెలియగానే చుట్టుపక్కల ఊళ్లకు కబురు పోయేది. పటేలు మనుషులను తోలుకొని వచ్చేవాడు. వెట్టి చలామణిలో ఉన్న రోజులవి. అధికారి బసకు కట్టెలు, నీళ్లు, మోత, డప్పు అన్నీ ఊరి కులాలవారి వంతు. వారు అర్ధచంద్రాకారంగా నిలిచి, డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ, పొదలను కర్రలతో బాదుతూ పులిని మంచె వైపు తోలాలి. చేతిలో కర్ర తప్ప వేరొక ఆయుధం లేదు. మంచె మీదివాని తూటా బుజం వెనుక సరిగా దిగితే పులి నాలుగడుగులలో కూలుతుంది. గురి జానెడు వెనుకకు పోయి కడుపులో తగిలితే అది గడ్డిలో దూరుతుంది. గాయపడిన పులికి ఎదురయ్యేది మంచె మీది దొర కాదు, నేల మీది డప్పువాడు. ఆ గడ్డిలో దాన్ని వెదకవలసిన వారిలోనూ అతడే ముందు. కనుక ఎన్నడో లండనులో రెండు గొట్టాల పొందిక కుదిర్చిన శిల్పి చేతిమీదా, గుడారంలో మందు తూచినవాని కంటిమీదా పరకాల తాలూకా మనిషి ప్రాణం వేలాడేది. రెండవ తుపాకి మోత వినబడితే అందరూ చెట్లెక్కేవారని నా చిన్ననాట ఒక వృద్ధుడు తన తాత చెప్పిన సంగతిగా చెప్పినాడు. మొదటి తూటా పని చేయలేదని దానికి అర్థం.

గురి తప్పని దొరను జనం ఇష్టపడడంలో ఆశ్చర్యమేమున్నది?

1886లో రైలు వరంగల్లు చేరింది, 1889లో బెజవాడ. దానితో పెద్ద షికార్లు సులభమైనవి. 1902 ఏప్రిలులో కర్జన్ ప్రభువు, ఆయన సతి నెక్కొండ దగ్గర చచ్చిన పులి వెనుక నిలిచి తీయించుకొన్న చిత్రం లోకప్రసిద్ధం. నిజాము ఆస్థాన చిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ ఇటువంటి వేట చిత్రాలు ఎన్నో తీయించినాడు. ఏనుగులు, గుడారాలు, తుపాకులు అన్నీ చక్కగా కనబడతవి. డప్పువాళ్లు ఉంటే అంచున ఉంటారు, పేరు ఉండదు.

గద్దె మీద మహబూబుకు ఇదే నిలకడ ఉండినదని చెప్పలేము. దస్త్రాలు ఆయన సంతకానికి నెలలు ఎదురుచూచేవి. రెండవ సాలార్ జంగు, ఆస్మాన్ జా, వికారుల్ ఉమరా, కిషన్ పర్షాద్, ఇట్లా దివానులు మారినారు. వజ్రాల వర్తకుడు జేకబుతో పేచీ 1891లో కలకత్తా న్యాయస్థానానికి ఎక్కింది. తుదకు చేతికి వచ్చిన ఆ వజ్రం చెప్పు మొనలో పడి ఉండగా కుమారుడు కనుగొన్నాడని ప్రతీతి. అయినా పేదలకు ఆయన మహబూబ్ పాషాయే. పాము కరిస్తే ఆయన పేరు తలచుకొంటే విషం దిగుతుందని పల్లెలవారు నమ్మేవారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరంలో వేలాదిమంది కొట్టుకొనిపోయిననాడు మాత్రం ప్రభువు కదలినాడు. నిరాశ్రయులకు రాజభవనాల ద్వారాలు తెరిపించినాడు. మరుసటి యేడు విశ్వేశ్వరయ్యను పిలిపించినారు. ఆయన సూచించిన జలాశయాలు పూర్తయినది కుమారుని కాలంలో.

1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా భవనంలో మహబూబ్ మరణించినాడు. అప్పటికి వయసు నలభై అయిదు. మక్కా మసీదులో పూర్వుల పక్కన సమాధి చేసినారు. ఆయన వేటాడిన అడవుల నడుమ, 1213 ప్రాంతంలో కాకతి గణపతిదేవుని కాలాన కట్టిన పాకాల చెరువు చుట్టూ, 1952లో అభయారణ్యం ఏర్పడింది. 1972 చట్టంతో దేశమంతటా పులివేట నిషిద్ధమైనది. పాండవుల గుట్టల రాతి మీది పులి ఇప్పటికీ ఉన్నది. మెట్టెక్కి చూడగోరే విద్యార్థులు ఉదయం పూట పోవడం మంచిది, మధ్యాహ్నపు వెలుగులో రంగులు సరిగా కానరావు.