రాబర్టు బాయిల్

వాయువుల పీడనమును గూర్చిన బాయిల్ నియమమును విద్యార్థులు భౌతికశాస్త్రమున చదువుదురు. ఆ నియమమునకు తన పేరిచ్చిన రాబర్టు బాయిల్ 1627 జనవరి 25వ తేదీన ఐర్లండునందలి లిస్మోరు కోటలో జన్మించెను. తండ్రి కార్కు ప్రభువు, మిక్కిలి ధనవంతుడు. బాయిల్ ఈటన్ పాఠశాలలో కొంతకాలము చదివి, పండ్రెండవ యేట యూరపు యాత్రకు బయలుదేరెను. 1642లో గెలీలియో మరణించునాటికి ఈ బాలుడు ఫ్లారెన్సు నగరముననే యుండి, ఆ పండితుని సిద్ధాంతములను చదువుచుండెను.

ఆ కాలపు విద్యాపీఠములలో అరిస్టాటిలు మతమే ప్రమాణము. మంచు తెల్లగా నేల యున్నదని శిష్యుడడిగినచో, దానియందు శ్వేతత్వమను గుణము గలదు గనుక నని గురువు చెప్పెడివాడు. ప్రశ్నయే మారువేషమున తిరిగి వచ్చినది గాని, ఇందు క్రొత్త సంగతి లేదు. మావంటి ఉపాధ్యాయులును ఒక్కొక్కప్పుడు ఇట్టి జవాబులతో తప్పించుకొనుట కలదు!

బాయిల్ దీనితో తృప్తి చెందలేదు. పారదర్శకమైన గాజును నూరినచో తెల్లని పొడి యగును. దానికి తెలుపు ఎక్కడినుండి వచ్చినది? బయటినుండి తెల్లని పదార్థమేదియు చేరలేదు. తునుకల పరిమాణము, ఆకారము, అమరిక మాత్రమే మారినవి. వెలుతురు వాని లెక్కలేని ముఖములపై బడి నలుదెసల చెదరుచున్నది. నీలిరంగు పూలపానకము ఆమ్లము తగిలిన ఎఱ్ఱనగుటయు, క్షారము తగిలిన పచ్చనగుటయు ఆయన 1664లో ప్రకటించిన వర్ణగ్రంథమున వివరించెను.

1666లో వెలువడిన మఱియొక గ్రంథమున ఆయన తాళము, తాళపుచెవుల దృష్టాంతము చెప్పెను. మొదట తాళము చేసినపుడు అది ఒక ఇనుపముక్క. పిదప వేఱొకడు దానికి సరిపడు చెవిని చేసినంతనే, చెవికి తెఱచు గుణమును, తాళమునకు తెఱవబడు గుణమును కలుగును. తాళము లోపల ఏ మార్పును జరుగలేదు. రంగు, రుచి, వాసనలును ఇట్టివే: వస్తువుల అమరికకును మన ఇంద్రియములకును గల పొందికవలన అవి తోచును. అట్లని అవి వట్టి భ్రమ లని ఆయన యనలేదు. చూచువారెవ్వరును లేకున్నను మంచునందు ఆ అమరిక యుండనే యుండును. ఆ సూక్ష్మకణములను ఆయన కన్నులార చూడలేదు. కనుకనే అవి ఇంకను విభజింపదగునా కాదా యను వాదమున దిగక ఊరకుండెను.

ఆక్సుఫర్డులో రాబర్టు హుక్ తోడ్పాటుతో గాలిని తోడు యంత్రమును నిర్మించి, 1660లో ఆ ప్రయోగములను ప్రకటించెను. వాయునియమము 1662 నాటిది. 1668లో లండనులోని అక్క ఇంట స్థిరపడెను. రెండేండ్లకు పక్షవాతము సోకెను. చూపు మందగించుటచే ఇతరులచే చదివించుకొనుచు, వ్రాయించుచు పని సాగించెను. 1680లో రాయల్ సొసైటీ అధ్యక్షపదవి వచ్చినను, ప్రమాణము చేయుటకు మనసొప్పక దానిని వదలుకొనెను.

1691 డిసెంబరు 23న అక్క మరణించెను. అదే నెల 31న బాయిల్ కన్నుమూసెను. ఆయన విడిచిన వాయుచరిత్ర వ్రాతప్రతిని మిత్రుడగు జాన్ లాక్ సరిచూచి 1692లో అచ్చొత్తించెను.