బాపూజీ కావ్యాన్ని ఎందుకు పక్కన పెడుతున్నాం?

ఏటా సెప్టెంబరు 28న మన పేటల్లో జాషువా జయంతి చేస్తాం. ఐనవిల్లి మండలంలోనైనా, అటు అమలాపురం వైపైనా, మైకు ముందుకొచ్చిన పిల్లలు గబ్బిలమే చదువుతారు. చదవాల్సిందే. కానీ 1948లో ఆయన రాసిన బాపూజీ పేరెత్తే వాళ్ళు తక్కువ. మనలాంటి కార్యకర్తలం దాన్ని కాస్త ఇబ్బందిగా పక్కకు జరుపుతాం. గాంధీతో మన లెక్క ఇంకా తేలలేదు మరి.

ఆ లెక్క చిన్నదేమీ కాదు. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం అంటరాని కులాలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామంది. గాంధీ యరవాడ జైలులో నిరాహార దీక్షకు కూర్చున్నాడు. సెప్టెంబరు 24న అంబేడ్కర్ పూనా ఒప్పందం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. రాష్ట్ర శాసనసభల్లో సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి, మన ప్రతినిధిని మనమే ఎన్నుకునే హక్కు మాత్రం పోయింది. ఇవాళ ఐనవిల్లి ఉన్న పి.గన్నవరం ఎస్సీ రిజర్వుడు సీటే. అక్కడ నిలబడేది మనవాడే, గెలిపించేది ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ బాధ ఉన్నవాళ్ళకు గాంధీ మీద స్మృతికావ్యం చదవాలంటే నోరు రాకపోవడంలో వింత లేదు.

అయితే రాసినవాడు ఎవరో కూడా చూడాలి.

గుర్రం జాషువా 1895లో వినుకొండ ప్రాంతంలో పుట్టాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. ఇంట్లో క్రైస్తవం. బడిలో అంటరానివాడు. మిషనరీ బడిలో నెలకు మూడు రూపాయల జీతం. అదీ పోతే పొట్ట చేత పట్టుకుని మన గోదావరి ఒడ్డుకే, రాజమండ్రికి వచ్చాడు. 1915, 16లలో అక్కడ టూరింగ్ సినిమాలో మూకీ బొమ్మల పక్కన నిలబడి కథా, సంభాషణలూ గొంతెత్తి చదవడం ఆయన ఉద్యోగం. తెర మీద నోరు లేని బొమ్మలకు గొంతు అరువిచ్చిన కుర్రాడు! తర్వాత గుంటూరులో పంతులుగా ఏళ్ళ తరబడి పనిచేశాడు. వినుకొండలో కొప్పరపు కవుల సభలో పద్యాలు చదివితే, వీణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారని పెద్దకులాలవాళ్ళు గొడవపడ్డారు. హిందూ పురాణాలు పట్టుకున్నాడని క్రైస్తవ పెద్దలు వెలివేశారు. రెండు గుమ్మాలూ మూసుకున్నాయి. పద్యం ఒక్కటే మిగిలింది, అదీ పండితుల సొత్తని వాళ్ళు అనుకుంటున్న పద్యం.

ఊళ్ళవాళ్ళ ఏడుపులు ఆయన చెవిన పడుతూనే ఉండేవి. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. కోరంగి రేవు నుంచి ఓడెక్కి బర్మా వెళ్ళిన కూలీలు మన జిల్లాల్లో వేలమంది. అక్కడ తెలుగువాళ్ళకు కోరంగీలనే పేరు. వాళ్ళలో ఎందరో అడవుల్లో కాలినడకన తిరిగొస్తూ దారిలోనే పోయారు. అప్పట్లో జాషువా ప్రభుత్వానికి యుద్ధ ప్రచారకుడు. జీతం యుద్ధానిది. 1945లో కాందిశీకుడు మాత్రం, పారిపోయి వస్తూ పుర్రెతో మాట్లాడుకునే దిక్కులేనివాడి కథ. మన తాతల తరం నడక అది. కోనసీమ వాళ్ళం ఆ కావ్యాన్ని ఇంకా మనదని చెప్పుకోలేదు, ఎందుకో.

1948 జనవరి 30, శుక్రవారం సాయంత్రం. ఢిల్లీలో బిర్లా భవనంలో ప్రార్థనకు నడిచి వెళుతున్న గాంధీని నాథూరాం గాడ్సే మూడు గుండ్లతో కాల్చేశాడు. రేడియో ఉన్నచోటల్లా జనం గుమిగూడారు. యాభై రెండేళ్ళ జాషువా ఆ వార్త విని, ఆ దుఃఖంలోనే బాపూజీ రాశాడు.

దీన్ని భక్తి అని కొట్టిపారేస్తే తేలికే. మేము అలా చదవలేకపోతున్నాం. గబ్బిలం రాసి అప్పటికి ఏడేళ్ళే. గుడిలోకి తాను వెళ్ళలేడు గనక, గోపురంలో వేలాడే గబ్బిలాన్ని శివుడి దగ్గరకు రాయబారం పంపిన మనిషి కథ అది. దేవుడి దగ్గర తన మొర చెప్పుకోడానికే పక్షికాని పక్షి సాయం కావాల్సి వచ్చింది. అలాంటి కవి, దేశం మొత్తం ఏడుస్తున్న రోజున ఎవరి సాయమూ అడగలేదు. ఎవరి అనుమతీ తీసుకోలేదు. దేశం పేరున తానే ఏడ్చాడు. శవం దగ్గర ఎవరు ముందు నిలబడాలో, ఎవరు దూరంగా నిలబడాలో ఈ దేశంలో కులమే చెబుతుంది. ఆ వరస ఆయన దాటాడు. పైగా గాంధీని చంపింది అంటరానివాళ్ళు కాదు, పరాయి దేశంవాళ్ళూ కాదు. ఈ సంగతి గుర్తుంచుకుని చదివితే ఆ కన్నీళ్ళు వేరుగా కనిపిస్తాయి.

పూనా ఒప్పందం మీద జాషువాతో మనం పోట్లాడవచ్చు. అంబేడ్కర్ పక్కన నిలబడి గాంధీని తూచినట్టు ఆయన తూచలేదు. అది ఆయన పరిమితి, దాచక్కర్లేదు. 2022 మేలో జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడతామంటే అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డాయి. ఎవరి పేరును ఎవరు తమదనుకుంటారన్న ప్రశ్న మనకు పుస్తకాల్లోది కాదు.

తర్వాత 1957 నుంచి 59 దాకా మద్రాసు రేడియోలో కార్యక్రమాలు తయారుచేశాడు. రాజమండ్రి టూరింగ్ టాకీసులో మొదలైన గొంతు అలా గాలిలోకి ఎక్కింది. 1964లో క్రీస్తు చరిత్రకు సాహిత్య అకాడమీ బహుమతి, అదే ఏడు శాసనమండలి సభ్యత్వం. 1970లో పద్మభూషణ్. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశాడు.

మన తీర్థాల్లో ఇప్పటికీ హరిశ్చంద్ర నాటకం ఆడతారు. తెల్లవారుజామున కాటి సీనులో హార్మోనియం శ్రుతికి నటుడు రాగం తీస్తుంటే జనం వన్స్‌మోర్ అంటారు. బలిజేపల్లి వారి నాటకంలో నటులు చేర్చుకుని పాడే ఆ శ్మశానం పద్యాలు జాషువావి. వీరబాహుడికి అమ్ముడుపోయిన రాజు నోట మాదిగ తల్లి బిడ్డ రాసిన పద్యం! చప్పట్లు కొట్టేవాళ్ళలో సగం మందికి ఆ సంగతి తెలీదు. ఈసారి జయంతికి గబ్బిలంతో పాటు బాపూజీ కూడా చదివించాలని మేము అనుకుంటున్నాం. చదివాక వాదించుకోడానికి ఒక గంట విడిగా పెట్టాం.