ముప్పై మూడేళ్ల తరువాత చేతికొచ్చిన బేటన్

1986 ఏప్రిల్ 28న రాష్ట్రపతి భవన్‌లో ఒక ప్రత్యేక సభ జరిగింది. పదవీ విరమణ చేసి అప్పటికి ముప్పై మూడేళ్లు దాటిన జనరల్ కె.ఎం. కరియప్పకు రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ ఫీల్డ్ మార్షల్ బేటన్ అందించారు. ఆయనకు ఎనభై ఏడేళ్లు. కాలి వేలు నొప్పిగా ఉంది. ఒక కాలికైనా మెత్తటి చెప్పు వేసుకోమని ఇంట్లోవాళ్లు చెప్పినా వినలేదు, చేతికర్ర కూడా వద్దన్నారు. యూనిఫాంకు తగిన బూట్లే తొడుక్కుని వెళ్లి, ప్రశంసాపత్రం చదువుతున్నంతసేపూ నిటారుగా నిలబడ్డారు. విరమణ చేసిన సైనికులకు దక్కే గౌరవాల గురించి రాయాల్సి వచ్చినప్పుడల్లా నేను మొదట ఈయన జీవితాన్నే తిరగేస్తాను.

కొడగులో 1899లో పుట్టారు. ఇండోర్‌లోని డాలీ క్యాడెట్ కాలేజీలో చదివి, 1919లో కింగ్స్ కమిషన్ పొందిన తొలి భారతీయ బృందంలో ఒకరయ్యారు. క్వెట్టా స్టాఫ్ కాలేజీలో చేరిన తొలి భారతీయ అధికారి, 1942లో ఒక బెటాలియన్‌కు నాయకత్వం వహించిన తొలి భారతీయుడు కూడా ఆయనే. 1948లో పశ్చిమ కమాండ్ అధిపతిగా జోజిలా, ద్రాస్, కార్గిల్‌లను తిరిగి చేజిక్కించుకుని లేహ్‌కు దారి తెరిపించారు. 1949 జనవరి 15న జనరల్ రాయ్ బుచర్ నుంచి సైన్యాధిపత్యం స్వీకరించారు. ఏటా మనం జరుపుకునే సైనిక దినోత్సవం ఆ తేదీదే. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ తరువాతి నలభై ఏళ్ల సంగతి చాలామందికి తెలియదు.

1953 జనవరిలో దిగిపోయారు. వెళ్లేముందు తన మాతృ రెజిమెంట్ అయిన రాజ్‌పుత్ రెజిమెంటల్ సెంటర్‌కు కొడుకునూ కూతురినీ వెంటబెట్టుకుని వీడ్కోలుకు వెళ్లారు. సైన్యంలో వీడ్కోలుకు ఒక పద్ధతి ఉంది. మెస్‌లో విందు ఇస్తారు, రెజిమెంట్ చిహ్నం చెక్కిన వెండి జ్ఞాపిక చేతిలో పెడతారు. పెద్ద అధికారి అయితే తోటివాళ్లు జీపుకు తాళ్లు కట్టి గేటు దాకా లాగి సాగనంపుతారు. జవానుకైతే ఒక గడియారమో, గోడకు తగిలించుకునే ఫలకమో దక్కుతుంది. వీటిని తీసిపారేసేవాళ్లలో నేను లేను. ఊళ్లో మాజీ సైనికుడి ఇంటికి వెళ్తే దేవుడి పటాల పక్కన తగిలించి ఉండేది ఆ ఫలకమే. కానీ గేటు దాటిన మర్నాడు ఏమిటన్నదే అసలు చిక్కు.

ఈ చిక్కును కరియప్ప బాగా గ్రహించారు. సివిల్ ఉద్యోగి రిటైరయ్యే నాటికి పిల్లలు చేతికొస్తారు. జవాను సంగతి అలా కాదు. పెన్షన్‌కు కావలసిన కనీస సర్వీసు పదిహేనేళ్లు. సైన్యానికి ఎప్పుడూ యువరక్తం కావాలి గనుక ముప్పైల చివరికో, నలభై దాటగానే ఇంటికి పంపేస్తుంది. అప్పటికి పిల్లలు బడిలో ఉంటారు, తల్లిదండ్రులు మంచం పడతారు. తుపాకీ పట్టడం, ట్యాంకు నడపడం బయట ఎవరికీ అక్కరలేని పనులు. అతనికి సన్మానం కంటే ముందు రెండో ఉద్యోగం కావాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో హైకమిషనర్‌గా పనిచేసి 1956లో తిరిగొచ్చాక కరియప్ప చేపట్టింది ఈ పనే. మాజీ సైనికులంతా ఒకే గొడుగు కిందికి రావాలని 1964లో ఇండియన్ ఎక్స్ సర్వీసెస్ లీగ్‌ను స్థాపించారు. సైనిక ప్రధాన కార్యాలయంలో పునరావాస విభాగం ఏర్పాటు కావడం వెనుకా ఆయన చొరవ ఉంది. జనరల్ హోదాలో దిగిపోయిన మనిషి ఇలా సిపాయిల ఉపాధి కోసం కార్యాలయాల మెట్లెక్కడం నాకు ఆయన యుద్ధ విజయాలకన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

1965 యుద్ధం చివరి రోజుల్లో ఆయన కుమారుడు, వైమానిక దళ పైలట్ నందా కరియప్ప విమానం కూలి పాకిస్తాన్‌కు యుద్ధఖైదీగా చిక్కారు. అక్కడ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ విభజనకు ముందు కరియప్పతో కలిసి పనిచేసినవారే. కొడుకును ప్రత్యేకంగా చూస్తామన్న కబురు వచ్చింది. ఖైదీలందరూ తన బిడ్డలేననీ, అందరినీ ఒకేలా చూడాలనీ తండ్రి జవాబు పంపారు. నందా మిగతా ఖైదీలతో పాటే 1966లో తిరిగొచ్చారు. తన కొడుక్కు వద్దన్న ప్రత్యేకతను ఆయన తన హోదా విషయంలోనూ అడిగిన దాఖలా లేదు.

మరి ముప్పై మూడేళ్లు ఎందుకు పట్టింది? ఆయనకూ ప్రభుత్వాలకూ మధ్య కొంత ఎడం ఉండేది. సైన్యాధిపతిగా ఉంటూనే రాజకీయ, ఆర్థిక విషయాలపై బహిరంగంగా మాట్లాడేవారు. కొంచెం తగ్గించమని నెహ్రూ రాయవలసి వచ్చింది. ఆ విషయంలో నెహ్రూదే సరైన మాట అనుకుంటాను. పొరుగు దేశాల్లో జనరల్స్ ఏం చేశారో చూశాక ఆ జాగ్రత్త తప్పు కాదు. 1971లో ముంబయి నుంచి లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయారు కూడా. అయితే ఆయన ఏనాడూ గీత దాటలేదు. పొరుగున తిరుగుబాట్లు నడుస్తున్న కాలంలో మన సైన్యాన్ని బ్యారక్‌లకే పరిమితం చేసిన తొలితరం సారథి ఆయన. ఆ సేవకు గుర్తింపు ఇంత వృద్ధాప్యంలో ఇవ్వడం మన వ్యవస్థకున్న బద్ధకం తప్ప మరొకటి కాదు.

సామాన్య జవానుకూ ఇదే వరస. ఒకే హోదా, ఒకే సర్వీసు ఉన్నవారికి ఒకే పెన్షన్ కోసం మాజీ సైనికులు దశాబ్దాలు అడిగారు. పతకాలు వాపసు చేశారు, జంతర్ మంతర్ దగ్గర బైఠాయించారు. ఉత్తర్వు వచ్చింది 2015 నవంబరులో.

కరియప్ప 1993 మే 15న బెంగళూరులో కన్నుమూశారు. మడికేరిలో జరిగిన అంత్యక్రియలకు త్రివిధ దళాల అధిపతులతో పాటు మన సైన్యంలోని ఇంకొక్క ఫీల్డ్ మార్షల్ శామ్ మానెక్‌షా కూడా వచ్చారు. ఫీల్డ్ మార్షల్ విరమణ లేని హోదా, జీవితాంతం పూర్తి జీతం ఇవ్వాలి. 1973లో ఆ హోదా పొందిన మానెక్‌షాకు మడికేరికి వచ్చిన ఆ రోజుకు ఇరవై ఏళ్ల బకాయి ఉంది. కోటి రూపాయలకు పైబడిన ఆ చెక్కు 2007లో, ఆయన తొంభై మూడో ఏట, కూనూరుకు చేరింది.